జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింట్ తీయిస్తున్నారా?

హోటల్ రూముకో, అద్దె ఇంటికో ఆధార్ కాపీ కావాలంటే మనం చేసేదేంటి? జిరాక్స్ షాపు గోడ మీద అంటించిన నంబరుకు వాట్సాప్‌లో ఫైల్ పంపి, ప్రింట్ తీసుకుని వచ్చేస్తాం. ఆ ఫైల్ మాత్రం షాపు కంప్యూటర్‌లో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, ఊళ్లో వాళ్లందరి పాన్ కార్డులు, పాస్‌బుక్కుల మధ్య అలాగే పడి ఉంటుంది. మీ ఫోన్ నుంచి డిలీట్ కొట్టినా అక్కడ డౌన్‌లోడ్ అయిన కాపీ పోదు. కాబట్టి ప్రింట్ అవ్వగానే మీ ముందే తీసేయమని అడగండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మొహమాటపడాల్సిన పనేం లేదు. సరిగ్గా రాని ప్రింట్లు ఉంటే అవీ తెచ్చేసుకోండి.

ఇంకా మంచిది మాస్క్‌డ్ ఆధార్ వాడటం. మైఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు దానికో టిక్ బాక్స్ ఉంటుంది, అది పెడితే 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ఫైల్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని ధీమాగా ఉండకండి, అది మీ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే వచ్చేదే, మిమ్మల్ని తెలిసినవాళ్లెవరైనా ఊహించేస్తారు.

ఎవరికైనా కాగితం ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా పెన్నుతో తేదీ వేసి, 'అద్దె ఒప్పందం కోసం మాత్రమే' అని రాసి సంతకం పెట్టండి. అప్పుడు అదే కాపీని ఇంకో పనికి వాడటం కష్టం. పనిలో పనిగా అదే సైట్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్రలు, కంటి స్కాన్‌తో ఎవరూ ఆధార్ వాడకుండా వేసే తాళం) కూడా చేసుకోండి, వేలిముద్ర అవసరమైనప్పుడు కాసేపు అన్‌లాక్ చేసుకోవచ్చు.