క్రెడిట్ కార్డు మోసం: ఒడిశా సరిహద్దు తెలుగువారు తీసుకోవలసిన జాగ్రత్తలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో కాపురం ఒడిశాలోనూ, బ్యాంకు ఖాతా పార్వతీపురంలోనో పాతపట్నంలోనో, ఫోను నంబరు ఆంధ్ర సర్కిల్‌లోనూ ఉండడం మామూలే. కార్డు మోసగాళ్లకు సరిహద్దులతో పనిలేదు గాని, మోసం జరిగాక ఎవరికి చెప్పుకోవాలన్న దగ్గర మాత్రం ఈ అమరిక మనల్ని తికమక పెడుతుంది. నష్టం మీ మీద పడుతుందా, బ్యాంకు మీద పడుతుందా అన్నది చాలావరకు మీరు ఎప్పుడు తెలియజేశారన్న దాన్ని బట్టే తేలుతుంది గనుక ఆ తికమకలో ఒక్క పూట కూడా పోగొట్టుకోకూడదు.

ముందుగా మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి చూడండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలలోనూ, దుకాణాల స్వైపింగ్ మిషన్లలోనూ మాత్రమే పనిచేసేలా వస్తున్నాయి. ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ (కార్డును మిషన్‌కు ఆనించి చెల్లించే) వాడకాలను కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. వీటిలో విదేశీ లావాదేవీల మీటను ఆపి ఉంచడం అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. మన దేశపు వెబ్‌సైట్లు ఓటీపీ అడుగుతాయి గాని, విదేశీ సైట్లలో చాలావాటికి కార్డు నంబరు, గడువు తేదీ, వెనుక ఉన్న మూడంకెల సీవీవీ ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే సొమ్ము వెళ్లిపోతుంది. ఆన్‌లైన్ పరిమితిని కూడా మీ నెల ఖర్చుకు సరిపడా తగ్గించుకోండి.

సీవీవీని వేరే చోట రాసుకుని, కార్డు మీద ఆ అంకెలపై చిన్న స్టిక్కరు అంటించడం మంచిది. ఒడిశాలో పెట్రోలు ధర తక్కువ గనుక ఆంధ్ర వైపు బండ్లు కూడా ఇవతలి బంకులకే వస్తాయి; ఆ రద్దీలో కార్డును కుర్రవాడి చేతికిచ్చి బండిలోనే కూర్చోవడం చాలామందికి అలవాటు. దిగి మిషన్ దగ్గరకు వెళ్లి, తెర మీది మొత్తం చదివి, పిన్‌ను చేయి అడ్డుపెట్టి మీరే నొక్కండి. కాంటాక్ట్‌లెస్ పద్ధతిలో 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే చెల్లుతుంది గనుక, అవసరం లేనివారు దాన్ని ఆపివేసుకోవచ్చు.

సిగ్నల్ కోసం రెండు సిమ్‌లు పెట్టుకునేవారు ఒక విషయం గమనించాలి. 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని సిమ్‌ను కంపెనీ నిలిపివేయవచ్చు, ఆ నంబరు కొంతకాలానికి మరొకరికి వెళ్లవచ్చు. కార్డుకు అనుసంధానమైన నంబరు అదే అయితే మీ ఓటీపీలు పరాయివాళ్ల ఫోనులో మోగుతాయి. నంబరు మారిస్తే బ్యాంకులో ఆ వారంలోనే మార్పించండి.

ఇక ఫోన్ కాల్స్ సంగతి. రివార్డు పాయింట్ల గడువు ఈ రాత్రితో అయిపోతుందనో, కార్డు లిమిట్ పెంచుతామనో, ఎవరో మీ కార్డు వాడుతుంటే ఆపుతున్నామనో చెప్పి చివరకు ఓటీపీ అడుగుతారు. అప్పుడు అంకెలు కాదు, మెసేజీ మొత్తం చదవండి: ఎంత మొత్తానికి, ఏ వ్యాపారికి చెల్లించడానికి ఆ ఓటీపీ వచ్చిందో సాధారణంగా అందులోనే ఉంటుంది. రద్దు చేయడానికని అవతలివాడు చెబుతున్న ఓటీపీ పైన 48,000 రూపాయల కొనుగోలు అని కనబడితే ఇంకేం అనుమానం? వినియోగదారుల సేవా కాల్స్ కోసం బ్యాంకులకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు; మామూలు మొబైల్ నంబరు నుంచి వచ్చే కాల్‌ను నమ్మకుండా, కార్డు వెనుక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. వాట్సాప్‌లో చలానా పేరుతోనో పెళ్లి శుభలేఖ పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లను (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైళ్లను) తెరవవద్దు; అవి ఫోనులో చేరితే ఓటీపీ మెసేజీలు నేరుగా దొంగలకే చేరుతాయి.

మీరు చేయని లావాదేవీ కనబడగానే మొదట యాప్‌లో కార్డును బ్లాక్ చేసి, బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, అదే విషయాన్ని ఈమెయిల్‌లో కూడా పంపండి. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, ఆ లావాదేవీ గురించి బ్యాంకు సమాచారం మీకు అందిన మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలియజేస్తే మీకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల లోపల అయితే, 5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డుపై మీ భారం ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు మించిన పరిమితి ఉంటే 25,000. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, తెలియజేసేదాకా జరిగిన నష్టం మీదే. తెలియజేసిన తరువాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి సాయంత్రం దాకా దాచడం అన్నిటికంటే ఖరీదైన పని.

పనిదినాలను మీ ఖాతా ఉన్న శాఖ సెలవులను బట్టి లెక్కిస్తారు, సమాచారం అందిన రోజును వదిలేస్తారు. రజ సంక్రాంతికి రాయగడ శాఖ మూసి ఉన్నా పార్వతీపురం శాఖ తెరిచే ఉండవచ్చు. అందుచేత ఇక్కడి సెలవును నమ్ముకోకండి.

పోలీసు ఫిర్యాదుకు ఆంధ్రకు వెళ్లనవసరం లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపితే ఆ సెక్షన్‌ను ప్రస్తావించండి.

బిల్లులో వివాదం లేని భాగాన్ని గడువు లోపల కట్టేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఫిర్యాదు నంబరు, ఈమెయిల్ నకలు జతచేసి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.