తండ్రీకూతుళ్ల దూరం మీద నవ్వించే నవల రాయడం ఎలా

ఇంటర్లో చేరిన రోజు నుంచి ఫస్టియర్ పరీక్షల దాకా, అంటే జూన్ నుంచి మార్చి దాకా, కాలం తీసుకోండి. ఇంతకంటే ఎక్కువ పెడితే హాస్యం పలచబడుతుంది. 22 అధ్యాయాలు, ఒక్కోటి 1,800 మాటలు అనుకుంటే నవల 40,000 మాటల దగ్గర తేలుతుంది. కొత్తగా రాసేవారు మోయగలిగిన బరువు ఇది.

కథ కంటే ముందు తండ్రికి ఉద్యోగం ఇవ్వండి. ఉద్యోగం లేని తండ్రి నీతులు తప్ప ఏమీ మాట్లాడలేడు. ఉదాహరణకు జనగామ డిపో కండక్టర్‌ని తీసుకుందాం. ఇల్లు స్టేషన్ ఘన్‌పూర్‌లో, డ్యూటీ జనగామ–హన్మకొండ పల్లెవెలుగులో. కూతురు హన్మకొండ కాలేజీలో బైపీసీ, రోజూ బస్సులోనే పోయి వస్తుంది. ఆ దారిలో రెండు మూడు రోజులు ప్రయాణించి, కండక్టర్ల నోటి మాటలు ఒక 40 రాసుకోండి: "హోల్డాన్", "రైట్ రైట్", "ముంగటికి జరగున్రి", "చిల్లర తీసి పెట్టుకోన్రి". నవలలో 15 వాడితే చాలు. అతను ఇంట్లో కూడా ఇదే భాష మాట్లాడతాడు. కూతురు అన్నం దగ్గర నుంచి లేస్తుంటే "దిగేటోళ్లు చెప్పి దిగాలె" అంటాడు. ఒక్కో మాటను నాలుగు చోట్ల మించి వాడకూడదు. మొదటిసారి పాఠకుడికి పరిచయం, రెండోసారి నవ్వు, మూడోసారి కూతురికి విసుగు. నాలుగోసారి ఆ మాట నోటిదాకా వచ్చి అతను మింగేస్తాడు. ఐదోసారి వస్తే అది ఊతపదమైపోయి చచ్చిపోతుంది.

దూరాన్ని కొలవడానికి గొడవలు పనికిరావు, గొడవలో ఇద్దరూ దగ్గరే ఉంటారు. పిలుపుతో కొలవండి. మొదటి ఐదు అధ్యాయాల్లో "బాపూ". ఆరు నుంచి పదకొండు దాకా "డాడీ". ఆ తర్వాత పిలుపే ఉండదు, "ఇగో, ఇంటున్నవా" అని మొదలుపెడుతుంది. స్నేహితుల ముందు "మా ఫాదర్". ఈ మార్పును తండ్రి గమనించినట్టు ఎక్కడా రాయకండి. అతను మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా "బిడ్డా" అనే పిలుస్తాడు.

నవలకు నడుం లాంటి అధ్యాయం బస్సులో జరగాలి, పదో అధ్యాయం దగ్గర. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టర్ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ ఇస్తాడు. కాబట్టి కథాకాలం 2024 జూన్ గానీ ఆ తర్వాత గానీ అయి ఉండాలి. ఈ సన్నివేశాన్ని డీలక్స్ బస్సులో పెడితే అక్కడి పాఠకులు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. కూతురు మడికొండ దాటాక ముగ్గురు స్నేహితురాళ్లతో వెనక సీట్లో ఉంటుంది. తండ్రి డ్యూటీ ఆ రోజే మారి ఈ బస్సుకు వచ్చాడు. ఆమె కిటికీ వైపు తిరుగుతుంది. అతనికి అర్థమవుతుంది, ఆమె పరువు కాపాడాలనుకుంటాడు.

"ఆధార్ చూపియ్యమ్మా."

ఇక్కడ తొందరపడొద్దు, రెండు పేజీలు తీసుకోండి. ఆమె బ్యాగంతా వెతకాలి. స్నేహితురాలు "అన్నా, రోజూ ఇదే బస్సుల వస్తది, ఇయ్యన్నా" అని సిఫారసు చేయాలి. అతను రూల్ రూలే అనాలి, ఎందుకంటే ఎవరికీ మినహాయింపు ఇవ్వని మనిషని మూడో అధ్యాయంలోనే చూపించి ఉంటారు. కార్డు చేతికొస్తుంది. ఫొటో చూస్తాడు, అడ్రస్ చూస్తాడు, దాని పక్కన తండ్రి పేరు చూస్తాడు. టికెట్ చించి ఇచ్చి ముందు సీటుకు పోతాడు. అక్కడ అధ్యాయం ఆపేయండి. జీరో అన్న మాటకు అర్థం విప్పి చెప్పారా, నవ్వూ పోతుంది, నొప్పీ పోతుంది.

తర్వాతి తప్పు తండ్రిదై ఉండాలి, లేకపోతే పాఠకుడు కూతురి మీద తీర్పు చెప్పేస్తాడు. బతుకమ్మ అందుకు మంచి చోటు. ప్రతి ఏడాదీ గునుగు, తంగేడు కోసుకొచ్చేది అతనే. దసరా స్పెషల్ బస్సుల వల్ల సెలవు దొరకదు. చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి రాత్రి పదకొండుకు గునుగు కట్టతో వస్తాడు. అప్పటికే బతుకమ్మ చెరువులో కలిసిపోయి ఉంటుంది. ఆ పూలకట్టను ఏం చేయాలో తెలియక ఇంట్లో ముగ్గురూ పడే తిప్పలే హాస్యం.

ఎక్కువ నవలలు పాడయ్యేది పిల్లను ఫోన్ పిచ్చిదానిగా, తండ్రిని అమాయకుడిగా గీయడం వల్ల. ఆమెకు ఫోన్‌తో సంబంధం లేని పట్టుదల ఒకటి ఇవ్వండి, కప్ప బొమ్మ తప్పు లేకుండా గీయడమో, కబడ్డీనో. కుర్రకారు కొత్త మాటలు ఐదారు చాలు, ఏడాదిలో పాతబడతాయి. కథనం వాడుక భాషలో, సంభాషణ వరంగల్ యాసలో ఉంచి, చివరిదాకా అలాగే నడపండి. మధ్యలో తండ్రి "వెళ్ళావా" అంటే మనిషే మారిపోయినట్టుంటుంది.

ముగింపులో ఆసుపత్రి మంచం పెట్టకండి. ఆమె "బాపూ" అని మళ్లీ ఒక్కసారే అనాలి, అది కూడా పరీక్షల తెల్లవారుజామున నిద్రమత్తులో, దిగాల్సిన బస్ స్టేజీ దాటిపోయిందేమోనని ఉలిక్కిపడి.

రాతప్రతిని ఒక తండ్రికీ, 16 ఏళ్ల పిల్లకీ విడివిడిగా ఇచ్చి, నవ్వొచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టమనండి. తండ్రి గీతలు మాత్రమే ఉన్న పేజీలో పిల్ల మాటలు మీరు ఊహించి రాసినవన్నమాట. ఆ పేజీలు మళ్లీ రాయాలి.