కొత్త బ్రాంచ్ పుష్ చేసేటప్పుడు

కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో కొత్త బ్రాంచ్ (కోడ్‌లో వేరుగా నడిచే శాఖ) తీసి మొదటిసారి పుష్ చేయగానే, అంటే సర్వర్‌కు పంపగానే, అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దానికి జత బ్రాంచ్) లేదంటూ ఆగిపోతుంది కదా. చాలామంది అది చూపించిన పొడవాటి కమాండ్‌నే ప్రతిసారీ కాపీ చేసుకుంటారు. ఆ అవసరం లేదు. 2022లో వచ్చిన 2.37 వెర్షన్ నుంచి, గ్లోబల్ కాన్ఫిగ్‌లో (అన్ని ప్రాజెక్టులకూ వర్తించే సెట్టింగుల్లో) పుష్.ఆటోసెటప్‌రిమోట్‌ను ట్రూ చేస్తే చాలు. ఉత్త గిట్ పుష్‌తోనే రిమోట్‌లో (సర్వర్‌లోని కాపీలో) అదే పేరుతో బ్రాంచ్ ఏర్పడి, ట్రాకింగ్ కూడా, అంటే ఆ రెంటికీ జత, కుదిరిపోతుంది. ఏ బ్రాంచ్‌లు వెళ్లాలో చెప్పే పుష్.డిఫాల్ట్ మాత్రం సింపుల్‌గానే ఉంచండి. పాత ట్యుటోరియల్స్ చూసి మ్యాచింగ్ పెడితే, రిమోట్‌లో అదే పేరున్న మీ బ్రాంచ్‌లన్నీ ఒకేసారి వెళ్లిపోతాయి, సగం పనిలో ఉన్నవి కూడా.

అసలు టెన్షన్ రీబేస్ (కమిట్లను, అంటే నమోదైన మార్పులను, కొత్త ఆధారంపై తిరగరాయడం) తర్వాతే. అప్పుడు దయచేసి రిమోట్‌లో ఉన్నదాన్ని చెరిపేసి రాసే ఉత్త ఫోర్స్ వాడకండి. ఫోర్స్-విత్-లీజ్ వాడండి. మీరు చివరిసారి ఫెచ్ చేశాక (రిమోట్‌లోని మార్పులు తెచ్చుకున్నాక) ఇంకెవరైనా ఆ బ్రాంచ్‌లోకి కమిట్ పంపి ఉంటే పుష్ ఆగుతుంది, వాళ్ల పని చెరిగిపోదు. కానీ ఎడిటర్ వెనకాల తనంతట తానే ఫెచ్ చేస్తుంటే ఈ రక్షణ పోతుంది. ఆ కమిట్లు మీరు చూసేశారనే గిట్ అనుకుంటుంది. అందుకే దాని పక్కన, ఆ కమిట్లు మీ బ్రాంచ్‌లో నిజంగా కలిశాయో లేదో చూసే ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ కూడా చేర్చండి, అది 2.30 నుంచే ఉంది.