కూలీల బిడ్డల పగటి సంరక్షణ కేంద్రం: ఆరోగ్యం విషయంలో పాటించవలసిన పద్ధతులు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో తల్లులు కర్మాగారాల్లో పనికి వెళ్లవలసి రావడంతో, 1944 నాటికి బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో వెయ్యికి పైగా పగటి శిశు కేంద్రాలు నడిచాయి. వాటి బాధ్యతను ఆరోగ్యశాఖ చూసింది. పసిపిల్లలు ఒకచోట చేరితే అంటురోగాలూ అక్కడికే చేరతాయి కనుక అది సరైన నిర్ణయమే. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు భవనాల పనికి వలస వచ్చిన కూలీల బిడ్డల కోసం కేంద్రం తెరవదలచినవారు కూడా అక్కడి నుంచే ఆలోచన మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఉదయం గుమ్మం దగ్గర జరగాలి. తల్లి ఇంకా అక్కడే ఉండగా ఆయా బిడ్డ మెడమీద చేయి వేసి వేడి చూసి, చొక్కా ఎత్తి పొట్టమీద, వీపుమీద దద్దుర్లున్నాయేమో గమనించి, రాత్రి ఎన్నిసార్లు విరేచనమైందో అడగాలి. జ్వరం, దద్దుర్లు, ఎర్రబడిన కళ్లు కలిసి కనిపిస్తే తట్టు కావచ్చు కాబట్టి, ఆ బిడ్డను లోపలికి తీసుకోకుండా వెంటనే బస్తీ దవాఖానాకు పంపాలి. అయితే తిప్పి పంపిన ప్రతిసారీ తల్లి ఆనాటి కూలి పోగొట్టుకుంటే, మరుసటిసారి ఆమె జబ్బును దాచిపెడుతుంది. ఆ రోజు కూలి ఇచ్చేలా మేస్త్రీతోనూ గుత్తేదారుతోనూ ముందే మాట్లాడుకోవాలి. ఇది దయతో చేసే సాయమని అనుకోకూడదు, మిగతా పిల్లలందరికీ రక్షణ ఇదే.

ఏ బిడ్డ తువ్వాలు ఆ బిడ్డకే ఉండాలి. తువ్వాలు తగిలించే మేకు పైన చిలుక, చేప, గొడుగు వంటి బొమ్మ అంటిస్తే రెండేళ్లవాళ్లు కూడా తమది గుర్తుపడతారు. కండ్లకలక, గజ్జి వ్యాపించడం తగ్గుతుంది. ట్యాంకరు నీటిని మరిగించి, మూతపెట్టి, పొడుగు కాడ గరిటెతోనే ముంచాలి.

1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేలమందిని కాపాడారు; దాన్ని పట్టించింది ఎక్కువగా రోగుల బంధువులే. అందుకే ఆయాలందరికీ ఓఆర్‌ఎస్ (అలాంటి ఉప్పు, గ్లూకోజు ద్రావణం) కలపడం నేర్పాలి. లీటరు నీటికి సరిపడే పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టాలి. 24 గంటలు దాటిన ద్రావణాన్ని పారబోయాలి. కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా ఆలస్యం చేయకుండా పిల్లల ప్రభుత్వ ఆసుపత్రి అయిన నీలోఫర్‌కు తీసుకెళ్లాలి.

చేర్చుకునేటప్పుడు టీకాల కార్డు చూడాలి. వలసలో తరచుగా తప్పిపోయేవి 9 నెలలు నిండిన తర్వాతా, 16 నుంచి 24 నెలల మధ్యనూ వేయవలసిన తట్టు టీకాలు. కార్డు లేని బిడ్డనూ చేర్చుకుని, ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త అయిన నర్సు) చేత కొత్తది రాయించాలి.