డిస్కు బొమ్మ, నెట్టు బొమ్మ: పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి

కాకినాడలో 2001 నుంచి 2012 దాకా సీడీల షాపు నడిపాను. అద్దెకిచ్చేవాణ్ణి, అమ్మేవాణ్ణి. షాపు మూసేశాక కూడా మంచి డిస్కులు పారేయబుద్ధి కాలేదు. తర్వాత బ్లూ-రేలు (డీవీడీ కంటే ఎంతో ఎక్కువ సమాచారం పట్టే డిస్కులు) కొనడం మొదలుపెట్టాను, ఇప్పటికీ కొంటూనే ఉన్నాను. ఈ విషయంలో ఇంట్లో అందరికీ నా మీద కొంచెం జాలి.

పోయిన డిసెంబర్లో మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. "మావయ్యా, నెట్‌లో 4కే వస్తుంటే ఇంకా ఈ బిళ్లలెందుకు?" అన్నాడు. 4కే అంటే మామూలు బ్లూ-రే కంటే నాలుగు రెట్లు చుక్కలున్న బొమ్మ. నా దగ్గర 4కే డిస్కు ఉన్న సినిమా ఒకటి టీవీ యాప్‌లో కూడా కనిపించింది. సరే, రెండూ పెట్టి చూద్దామన్నాను. వాడే గెలిచాడు. యాప్‌లో బొమ్మ ధగధగలాడింది. డిస్కు బొమ్మ మాత్రం సున్నం వెలిసిన గోడలా ఉంది. మా ఆవిడ కూడా వాడి వైపే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి టీవీ సెట్టింగ్స్ తిరగేస్తే సంగతి తెలిసింది. యాప్ 'వివిడ్' మోడ్‌లో ఉంది. ప్లేయర్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టేమో కరెంటు పొదుపు మోడ్‌లో ఉంది. అంటే రాత్రి మేం పోల్చి చూసింది టీవీలోని రెండు మోడ్‌లని. డిస్కుకీ నెట్‌కీ అసలు పోటీయే జరగలేదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఒక పద్ధతిగా చేశాం. మీ ఇంట్లోనూ ఇలాంటి వాదన వస్తే ఆ పద్ధతి పనికొస్తుంది.

ముందు టీవీ సంగతి

చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కి ఒక్కో సెట్టింగ్ గుర్తుపెట్టుకుంటాయి. మామూలు వీడియోకి ఒకటి, హెచ్‌డీఆర్‌కి (వెలుగునీడల, రంగుల తేడాలు ఎక్కువగా చూపే వీడియో) ఇంకొకటి, అందులోనే ఒక రకమైన డాల్బీ విజన్‌కి మరొకటి. అందుకని మెనూలో ఒక్కసారి మార్చి వదిలేస్తే సరిపోదు. డిస్కు ఆడుతుండగా పిక్చర్ మోడ్‌ని 'సినిమా'కో 'ఫిల్మ్‌మేకర్ మోడ్'కో మార్చండి. తర్వాత యాప్‌లో అదే సినిమా ఆడుతుండగా అదే మోడ్ పెట్టండి. వెలుతురు ఎక్కువున్న బొమ్మే బాగున్నట్టు కంటికి అనిపిస్తుంది. షోరూముల్లో టీవీలన్నీ కళ్లు చెదిరేలా పెట్టేది అందుకే.

ఇక ఆపేయాల్సినవి. షార్ప్‌నెస్ తగ్గించండి, అది కొత్త వివరాలు తేదు, ఉన్న అంచుల చుట్టూ తెల్ల గీత గీస్తుంది. మోషన్ స్మూతింగ్ ఆపండి (ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు). అది సెకనుకు 24 ఫ్రేములున్న సినిమాని టీవీ సీరియల్‌లా చేస్తుంది. నాయిస్ రిడక్షన్ కూడా ఆపాలి. ఇది చాలామంది మర్చిపోతారు గానీ అసలు దొంగ ఇదే. డిస్కులో ఉన్న ఫిల్మ్ గ్రెయిన్‌ని (ఫిల్మ్ మీద సహజంగా ఉండే సన్నటి రేణువులు) తుడిచేస్తుంది, సమాచారం చాలక నెట్ బొమ్మలో పడే గళ్లని మెత్తగా కప్పేస్తుంది. తేడా కనపడకుండా రెండింటినీ ఒకటి చేస్తుంది. గదిలో వెలుతురుని బట్టి బొమ్మని మార్చే సెన్సర్, కరెంటు పొదుపు, ఆ రెండూ కూడా బంద్.

4కే ప్లేయర్ ఉంటే ఇంకో మెట్టు. ప్లేయర్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టుకి టీవీ మెనూలో పూర్తి సిగ్నల్ ఇచ్చే ఆప్షన్ ఉంటుంది. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్'. ఇది ఆన్‌లో లేకపోతే డిస్కులో హెచ్‌డీఆర్ ఉన్నా టీవీ దాకా రాకపోవచ్చు. డిస్కు మొదలవగానే టీవీ మూలన హెచ్‌డీఆర్ గుర్తు పడిందో లేదో చూసుకోండి.

ఒకే సినిమా చాలదు, ఒకే ప్రింట్ కావాలి

2008లో వచ్చిన బ్లూ-రేని, ఈమధ్య నెగెటివ్‌ని మళ్లీ స్కాన్ చేసి శుభ్రం చేసిన స్ట్రీమింగ్ ప్రింట్‌తో పోల్చి లాభం లేదు. అందులో గెలిచేది కొత్త స్కాను. ఒకే సీను రెండింట్లో చూడండి. రంగుల తీరు వేరుగా ఉన్నా, పైనా కిందా నల్ల పట్టీల కొలత వేరుగా ఉన్నా ప్రింట్లు వేరు. ఆ సినిమా పక్కన పెట్టి ఇంకోటి తీయండి. అట్ట మీద 4కే అని ఉన్న డిస్కుల్లో కూడా 2కేలో (4కేలో నాలుగో వంతు చుక్కలు) పూర్తి చేసిన సినిమాని పెంచి వేసినవి చాలా ఉన్నాయి.

డిస్కుల మనిషిని అయినా ఇది ఒప్పుకోవాలి: మన పాత తెలుగు సినిమాల డీవీడీలు చాలావరకు దండగ. అరిగిపోయిన ప్రింట్, మూలన కంపెనీ లోగో, మధ్యలో స్క్రోలింగ్, పైగా ఒక్క డిస్కులో మూడేసి సినిమాలు. రెండు పొరల డీవీడీ మొత్తం సామర్థ్యమే 8.5 జీబీ. అందులో ఏడెనిమిది గంటల బొమ్మ కుక్కితే ఏం మిగులుతుంది? 'త్రీ ఇన్ వన్' అని రాసి నేనే అమ్మాను, జనం ఎగబడి కొన్నారు. అలాంటి సినిమా శుభ్రం చేసిన ప్రింట్‌తో యాప్‌లో దొరికితే కళ్లు మూసుకుని యాప్‌లో చూసేయండి.

మావాడి ప్రశ్నకి జవాబు కావాలంటే బ్లూ-రే గానీ 4కే డిస్కు గానీ ఉండాలి. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వచ్చేటప్పుడు తెస్తుంటాడు. మొదటిసారి తెచ్చిన బ్లూ-రే నా ప్లేయర్‌లో ఆడనంది. బ్లూ-రేకి రీజియన్లుంటాయి, అమెరికాది ఏ, మనది సీ. 4కే డిస్కులకి ఆ గొడవ లేదు, ఎక్కడ కొన్నా ఆడతాయి. బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే నాలాగా డబ్బులు పోగొట్టుకోరు.

నెట్‌కి అన్యాయం చేయకండి

పోటీ అన్నాక అవతలివాడు కూడా పూర్తి బలంతో రావాలి. ముందు మీ ప్లాన్‌లో 4కే ఉందో లేదో చూడండి. చవక ప్లాన్లలో ఉండదు. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్లు) వేగం ఉండాలంటుంది. వీలైతే రూటర్ నుంచి టీవీకి వైరు లాగండి. స్ట్రీమింగ్ మన లైన్‌ని బట్టి నాణ్యతని తనే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది. ప్లే నొక్కగానే వచ్చేది దాని అసలు బొమ్మ కాదు, రెండు మూడు నిమిషాలు ఆడనివ్వండి. వేరే సీనుకి దూకినప్పుడు కూడా అంతే. నెట్‌ఫ్లిక్స్‌లో 'టెస్ట్ ప్యాటర్న్స్' అని వెతికితే ఏ రిజల్యూషన్, ఎంత బిట్‌రేట్ వస్తోందో తెర మీదే చూపించే వీడియోలున్నాయి. ఒకసారి పొద్దున ఆరింటికి, ఒకసారి రాత్రి తొమ్మిదింటికి చూడండి. రెండింటికీ తేడా వస్తే ఆ తప్పు మీ లైన్‌ది.

బిట్‌రేట్ అంటే సెకను బొమ్మకి ఎంత సమాచారం ఖర్చు పెడుతున్నారన్నది. నోటి లెక్క ఒకటి చెబుతాను: ఎంబీపీఎస్‌ని 0.45తో గుణిస్తే గంటకి ఎన్ని జీబీలో వస్తుంది. 15 ఎంబీపీఎస్ స్ట్రీమ్ అయితే రెండున్నర గంటల సినిమాకి దాదాపు 17 జీబీ. 4కే డిస్కు 60 ఎంబీపీఎస్‌తో నడిస్తే అదే సినిమాకి 67 జీబీ పైనే. 4కే డిస్కులు 100 జీబీ దాకా ఉంటాయి కాబట్టి దానికి చోటుంది. మామూలు బ్లూ-రే 50 జీబీ, వీడియోకి గరిష్ఠంగా 40 ఎంబీపీఎస్.

అయితే ఈ అంకెలు చూసి తీర్పు ఇచ్చేయకండి. వీడియోని కుదించి దాచే పద్ధతులు వేరు వేరు: పాత డీవీడీల్లో వాడిన ఎంపెగ్-2 కంటే బ్లూ-రేల్లో ఎక్కువగా ఉండే హెచ్.264 పొదుపరి. 4కేలో వాడే హెచ్‌ఈవీసీ దానికంటే పొదుపరి, ఇంచుమించు సగం సమాచారంతో అదే పని చేస్తుంది. అందుకే మామూలు బ్లూ-రేకీ 4కే స్ట్రీమ్‌కీ మధ్య పోటీ అంకెల్లో కనిపించేదాని కంటే గట్టిగా ఉంటుంది. 4కే డిస్కు మాత్రం స్ట్రీమ్ వాడే హెచ్‌ఈవీసీనే వాడుతూ నాలుగు రెట్లు ఎక్కువ ఖర్చు పెడుతోంది. ఆ ఖర్చు ఎక్కడ కనిపిస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఏ సీన్లు పెట్టాలి

అన్ని సీన్లలో కనిపించదు. పగటి వెలుగులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీను పెడితే రాత్రంతా చూసినా తేడా పట్టుకోలేరు. కుదింపు ఎలా జరుగుతుందో తెలిస్తే ఏది పెట్టాలో తెలుస్తుంది. ప్రతి ఫ్రేమునీ మొత్తం దాచరు. ముందు ఫ్రేములో ఉన్నది ఎటు జరిగిందో, ఏం మారిందో అంతే రాసుకుంటారు. కారు ఎడమ నుంచి కుడికి వెళ్తే రాసుకోవడం సులువు. వెయ్యి పూలరేకులు వెయ్యి దిక్కులకి ఎగిరితే ఏది ఎటు పోయిందని రాసుకుంటారు? సమాచారం చాలక అక్కడే బొమ్మ పగులుతుంది.

మన సినిమాల్లో ఆ కొరతేమీ లేదు కదా. పూలరేకులు, గులాల్, వాన, ఫైట్‌లో లేచే ఎర్రదుమ్ము, కాగితపు ముక్కలు పడే పాట. వీటిలో మనిషి చుట్టూ, జుట్టు అంచుల్లో చిన్న చిన్న గళ్లు పడుతున్నాయా చూడండి. తర్వాత చీకటి సీన్లు: లాంతరు వెలుతురు గోడ మీద పడి మెల్లగా చీకట్లో కలిసిపోయే చోటు. నెట్ బొమ్మలో ఆ నీడ మెట్లు మెట్లుగా విరగొచ్చు, నల్లటి చోట్లు ముద్దగా కదలొచ్చు. పొగ, పొగమంచు, నీళ్ల మీద మెరుపు కూడా మంచి పరీక్షలు. ఫిల్మ్ మీద తీసిన పాత సినిమా అయితే ఆకాశం చూడండి. గ్రెయిన్ సన్నటి ఇసుకలా కదలాడుతుంటే సమాచారం సరిపోతున్నట్టు. ఆకాశం ప్లాస్టిక్ షీట్‌లా నున్నగా ఉండి ఉన్నట్టుండి గింజుకుంటే చాలట్లేదన్నట్టు.

ఒక్క చోట మాత్రం మోసపోకండి. ఎర్రచీర అంచు అలుక్కుపోయినట్టుంటే స్ట్రీమింగ్‌ని తిట్టొద్దు. డిస్కైనా నెట్టైనా రంగు సమాచారాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగమే దాస్తాయి. ఆ మెత్తదనం రెండింట్లోనూ ఉంటుంది.

పాజ్ చేసి చూడటం కూడా సరికాదు. కొన్ని ఫ్రేములకి ఎక్కువ సమాచారం ఇస్తారు, కొన్నిటికి తక్కువ. మీరు ఆపింది ఏ ఫ్రేమో మీకు తెలియదు. పైగా పాజ్ చేయగానే కొన్ని యాప్‌లు తెరని కాస్త నల్లబరుస్తాయి. పది సెకన్ల ముక్క ఆడించండి, వెంటనే రెండోదాంట్లో అదే ముక్క ఆడించండి. ఇంతకంటే ఎక్కువసేపు కన్ను గుర్తుపెట్టుకోదు.

ఎక్కడ కూర్చోవాలి, రిమోట్ ఎవరి చేతిలో

మాది 55 అంగుళాల టీవీ, సోఫా తొమ్మిదడుగుల దూరంలో ఉంది. మామూలు చూపున్నవాడికి ఈ సైజు తెర మీద 1080పీ (మామూలు బ్లూ-రే) చుక్కలు దాదాపు ఏడడుగులు దాటితే విడిగా కనపడవు. 4కే చుక్కల లాభం పూర్తిగా తెలియాలంటే మూడున్నర అడుగులకి జరగాలి. కాబట్టి సోఫాలో కూర్చున్నవాడికి కనిపించే తేడా చుక్కల లెక్కది కాదు. గళ్లు చుక్కల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, మెట్లు ఇంకా పెద్దవి, అవి తొమ్మిదడుగుల నుంచీ దొరికిపోతాయి. ముందు సోఫా నుంచి చూడండి, తర్వాత ఐదడుగులకి కుర్చీ లాక్కుని చూడండి.

శబ్దం పూర్తిగా మ్యూట్ చేయాలి. డిస్కులో కుదింపు నష్టం లేని సౌండ్ ఉంటుంది, స్ట్రీమింగ్‌లో సాధారణంగా ఉండదు. మంచి సౌండ్ వింటూ చూస్తే బొమ్మ కూడా బాగున్నట్టనిపిస్తుంది. చూసేవాడు కాక ఇంకొకరు రిమోట్ పట్టుకోవాలి, ఏది ఏదో చెప్పకూడదు. ఇన్‌పుట్ మార్చేటప్పుడు తెర మీద పేరు పడుతుంది కాబట్టి ఆ కాసేపు చూసేవాడు కళ్లు మూసుకోవాలి.

రెండోరోజు మా పోటీలో రిమోట్ నాది, కళ్లు మావాడివి. ఏడు ముక్కలు పెట్టాను. సోఫా నుంచి మూడింట్లో సరిగ్గా పట్టుకున్నాడు: పొగలో పడవ వచ్చే సీను, వాన ఫైటు, లాంతరు గోడ. ఐదడుగుల నుంచి ఐదు. మొహాలు దగ్గరగా తీసిన రెండు షాట్లలో ఎంత చూసినా తేల్చుకోలేకపోయాడు. వాడి చేత నాకూ పరీక్ష పెట్టించుకుంటే ఆ రెండూ నాకూ తెలియలేదు. తర్వాత సరదాకి వేరే సినిమా ఒకదాని మామూలు బ్లూ-రేనీ, దాని 4కే హెచ్‌డీఆర్ స్ట్రీమ్‌నీ పెట్టాం. రంగులు, మంటల వెలుగు స్ట్రీమ్‌లో బాగున్నాయి. గ్రెయిన్, దుమ్ము డిస్కులో బాగున్నాయి. నా ఓటు డిస్కుకే గానీ అది ఏకపక్ష గెలుపేమీ కాదు.

ఒకప్పుడు 352×288 చుక్కల వీసీడీ ఇచ్చి పంపితే జనం మర్నాడొచ్చి "క్లారిటీ అదిరింది" అనేవాళ్లు. అందులో బొమ్మకి సెకనుకి ఒకటింపావు మెగాబిట్ కూడా ఉండదు. గీతలు పడితే టూత్‌పేస్ట్ రాసి ఆడించేవాళ్లం. బ్లూ-రేకి ఆ వైద్యం చేయకండి. దాని సమాచారం పైతలానికి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది, రక్షణగా గట్టి పూత ఉంటుంది. రుద్దితే ఆ పూత పోతుంది. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిస్తే చాలు.

ఆ పరీక్ష తర్వాత నేను కొనే పద్ధతి మారింది. ఫిల్మ్ మీద తీసినవి, చీకటి ఎక్కువున్నవి డిస్కులో కొంటున్నాను. మిగతావి నెట్‌లోనే. మావాడు వెళ్తూ వెళ్తూ ఆ పడవ సీనున్న డిస్కు అడిగి పట్టుకెళ్లాడు, వాళ్లింట్లో ప్లేయరే లేదు. సాయంత్రం టీవీ పెడితే మళ్లీ 'వివిడ్'లో ఉంది. మార్చబోతే మా ఆవిడ రిమోట్ లాక్కుంది, ఆవిడకి అదే బాగుందట.