లీగ్ పట్టిక చదవడం – 3వ పాఠం: గోల్స్ తేడా

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. 2012 ఏప్రిల్ 8 రాత్రికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కి 79 పాయింట్లు, మాంచెస్టర్ సిటీకి 71. ఇద్దరికీ చెరి 6 మ్యాచ్‌లు మిగిలాయి. యునైటెడ్ ఎన్ని పాయింట్లు పోగొట్టుకుంటే టైటిల్ చేజారే ప్రమాదం మొదలవుతుంది?

గెలుపుకి 3, డ్రాకి 1 కాబట్టి సిటీ ఆరూ గెలిస్తే 18 వస్తాయి. 71 + 18 = 89. యునైటెడ్‌కి 90 రావాలంటే ఇంకో 11 చాలు. అంటే 18లో 7 పోయినా నిశ్చింతే. 8 పోతే మాత్రం ఇద్దరూ 89 దగ్గర ఆగుతారు. జవాబు 8. జరిగింది కూడా అదే: విగాన్ చేతిలో ఓటమికి 3, ఎవర్టన్‌తో 4–4 డ్రాకి 2, సిటీ చేతిలో ఓటమికి 3. మొత్తం సరిగ్గా 8. సిటీ ఆరుకి ఆరూ గెలిచింది.

"8 పాయింట్లు అంటే మూడు మ్యాచ్‌ల దూరం, ఇక అయిపోయినట్టే" అనుకున్నవాళ్లు ఒక సంగతి మర్చిపోయారు. మిగిలిన ఆరింటిలో ఒకటి ఈ ఇద్దరి మధ్యే ఉంది. ముఖాముఖి మ్యాచ్‌లో ఒకడికి 3 వస్తే రెండోవాడికి వచ్చే అవకాశమున్న 3 పోతాయి. ఇదే సూత్రం గోల్స్‌కీ వర్తిస్తుంది. ఈ పాఠమంతా దాని గురించే.

పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు పైన? ఆ సీజన్ నిబంధన ప్రకారం మొదట గోల్స్ తేడా చూస్తారు, అదీ సమానమైతే కొట్టిన గోల్స్. క్రికెట్‌లో నెట్ రన్‌రేట్‌కి అలవాటు పడ్డవాళ్లకి ఇది చాలా తేలిక. ఓవర్ల భాగహారం లేదు, సీజన్ మొత్తంలో కొట్టినవాటిలోంచి ఇచ్చినవి (ఎదుటి జట్లు కొట్టినవి) తీసేయడమే.

నోట్‌బుక్‌లో ఒక్కో జట్టుకి నాలుగు గడులు గీయండి: కొట్టినవి, ఇచ్చినవి, తేడా, పాయింట్లు. ప్రతి మ్యాచ్ తర్వాత మొదటి రెండు గడులే మార్చండి, తేడాని ప్రతిసారీ వాటినుంచే కొత్తగా తీయండి. పాత తేడాకి కలుపుకుంటూ పోతే ఎక్కడో ఒక మైనస్ ప్లస్ అవుతుంది, అది సీజన్ చివరిదాకా దొరకదు. ఆ ఆరు మ్యాచ్‌ల నడక ఇలా ఉంటుంది:

ఏప్రిల్ 8: సిటీ 75–26, +49, 71 పాయింట్లు. యునైటెడ్ 78–27, +51, 79.
ఏప్రిల్ 11: సిటీ 79–26, +53, 74. యునైటెడ్ 78–28, +50, 79.
ఏప్రిల్ 15: సిటీ 85–27, +58, 77. యునైటెడ్ 82–28, +54, 82.
ఏప్రిల్ 22: సిటీ 87–27, +60, 80. యునైటెడ్ 86–32, +54, 83.
ఏప్రిల్ 30: సిటీ 88–27, +61, 83. యునైటెడ్ 86–33, +53, 83.
మే 6: సిటీ 90–27, +63, 86. యునైటెడ్ 88–33, +55, 86.

ఏప్రిల్ 22 వరస చూడండి. 4–4 మ్యాచ్‌లో యునైటెడ్ నాలుగు కొట్టి నాలుగు ఇచ్చింది, తేడా అంగుళం కదల్లేదు. ఏప్రిల్ 30న సిటీ గెలిచింది 1–0తోనే, కానీ ఇద్దరి మధ్య దూరం 6 నుంచి 8కి పెరిగింది. ఒక్క గోల్, రెండు మెట్లు.

ఇప్పుడు ఆఖరి రోజు లెక్క. పాయింట్లు సమానం, తేడాలో సిటీ 8 ముందుంది. ఇద్దరూ గెలిస్తే యునైటెడ్‌కి ఎంత పెద్ద గెలుపు కావాలి? చాలామంది "సిటీ గెలిచిన తేడా కన్నా 9 ఎక్కువ" అంటారు. తప్పు. సిటీ 1–0తో గెలిచిందనుకోండి: 91–27, +64. యునైటెడ్ 9–0తో గెలిస్తే 97–33, అదీ +64. అప్పుడు కొట్టిన గోల్స్ చూస్తారు: 97, 91. యునైటెడ్ చాంపియన్. అంటే అక్కడ 8 ఎక్కువ చాలు. తేడా సమానమయ్యే అంచు దగ్గర తర్వాతి నిబంధనని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మే 13న రెండు మ్యాచ్‌లూ మన టైము రాత్రి 7:30కే మొదలయ్యాయి. 90వ నిమిషానికి సండర్లాండ్‌లో యునైటెడ్ 1–0తో ముందుంది, క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద సిటీ 1–2తో వెనకబడింది. అప్పటికప్పుడు పట్టిక: యునైటెడ్ 89, సిటీ 86. తేడాలో సిటీ ఇంకా +62, యునైటెడ్ +56. అయినా ఆ ఆరు గోల్స్ ఆధిక్యం అక్కడ పూచికపుల్లకి కూడా పనికిరాదు, ఎందుకంటే పాయింట్లు సమానంగా లేవు. ఇంజూరీ టైమ్‌లో జెకో 2–2 చేశాక కూడా సిటీకి 87 మాత్రమే. 94వ నిమిషంలో అగ్వేరో కొట్టిన మూడో గోల్‌తో 89కి చేరాకే ఆ గోల్స్ తేడా లెక్కకొచ్చింది. చివరికి సిటీ 93–29, +64. యునైటెడ్ 89–33, +56. ఇద్దరివీ 28 గెలుపులు, 5 డ్రాలు, 5 ఓటములు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ ఎనిమిది ఎక్కడిది? 2011 అక్టోబర్ 23న యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిటీ యునైటెడ్ మీద 6–1తో గెలిచింది. 3–1 దగ్గర ఉన్న మ్యాచ్‌లో ఆఖరి నిమిషాల్లో ఇంకో మూడు పడ్డాయి. గెలుపు ఖాయమయ్యాక పడ్డ గోల్స్‌ని లెక్కచేయకపోవడం మనకి అలవాటు. పెన్ను తీసుకుని ఆ స్కోరుని 2–1 చేసి చూడండి. గెలిచింది సిటీయే, పాయింట్లు మారవు. సిటీ కొట్టినవాటిలో 4 తగ్గి 89–29 అవుతుంది. యునైటెడ్ ఇచ్చినవాటిలో 4 తగ్గి 89–29 అవుతుంది. తేడా ఒకటే, కొట్టినవీ అన్నే, గెలుపోటములూ అవే. అప్పటి నిబంధన ప్రకారం తటస్థ మైదానంలో ప్లేఆఫ్ (టైటిల్ తేల్చే అదనపు మ్యాచ్) ఆడాల్సివచ్చేది. ఒక్క మ్యాచ్‌లో నాలుగు గోల్స్, ముఖాముఖి కాబట్టి ఎనిమిది మెట్లు. సరిగ్గా సీజన్ చివర తేలిన అంతరం.

లెక్క తప్పేది ఎక్కువగా మూడు చోట్ల. సెల్ఫ్ గోల్‌ని కొట్టిన ఆటగాడి జట్టు పేరున రాస్తారు, అది ఎదుటి జట్టు "కొట్టినవి" గడిలోకి వెళ్లాలి. రెండోది, కప్ పోటీల గోల్స్‌ని లీగ్‌లో కలిపేయడం. మూడోది, పాయింట్ల కోత. 2023–24లో ఎవర్టన్ 13 గెలిచి 9 డ్రా చేసుకుంది, లెక్క ప్రకారం 48; ఆర్థిక నిబంధనల కింద 8 కోత పడి పట్టికలో 40 ఉంది. మీ లెక్క సరిచూసుకోవడానికి సులువైన పద్ధతి: 20 జట్ల తేడాలన్నీ కూడితే సున్నా రావాలి. రాకపోతే కొట్టినవి, ఇచ్చినవి గడుల మొత్తాలు పోల్చండి. ఏ వైపు గోల్ తప్పిపోయిందో అక్కడ తెలుస్తుంది.

ఈసారి లెక్క: 1989 మే 26, అప్పటి ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ఫస్ట్ డివిజన్‌లో ఆఖరి మ్యాచ్. లివర్‌పూల్ 65–26, 76 పాయింట్లు. ఆర్సెనల్ 71–36, 73 పాయింట్లు. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఈ రెండూ తలపడుతున్నాయి. నిబంధనల వరస పైనున్నదే. ఆర్సెనల్ 1–0తో గెలిస్తే ఎవరు చాంపియన్? 2–0తో? 4–3తో? ప్రతిదానికీ రెండు జట్ల నాలుగు గడులూ నింపి పెట్టుకోండి. జవాబుతో పాటు, గోల్స్ తేడా కన్నా ముందు ముఖాముఖి ఫలితం చూసే స్పెయిన్ లా లిగాలో 2006–07 పట్టికని వచ్చే పాఠంలో విప్పుదాం. అక్కడ రియల్ మాడ్రిడ్, బార్సిలోనా రెండింటికీ 76 పాయింట్లే. తేడాలో బార్సిలోనా +45, రియల్ +26. టైటిల్ రియల్‌ది.