శ్రీకాకుళం నుంచి డాలస్‌కి అసలు ఎన్ని గంటలు? ఇలా లెక్క వేసుకోండి

మా చెల్లి పురుడుకి అమ్మని డాలస్ పంపినప్పుడు ఆవిడ అడిగిన మొదటి మాట, "విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలిరా?" అని. టికెట్ మీద దుబాయ్‌లో తెల్లవారుజామున 2:30కి ఎక్కడం, డాలస్‌లో అదే రోజు ఉదయం 8:30కి దిగడం అని ఉంది. ఆరు గంటలే అనుకుంది పాపం. నిజానికి పదహారు!

టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. అందుకని ముందు రెండు టైములూ మన టైంలోకి మార్చుకోండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి అక్కడి 2:30 అంటే మనకి తెల్లారి 4. డాలస్ చలికాలంలో మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక, అంటే అక్కడ ఉదయం 8:30 అయితే ఇక్కడ రాత్రి 8. ఇప్పుడు తీసేస్తే 16 వస్తుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు, అప్పుడు తేడా పదిన్నరే. ఇది మర్చిపోతే లెక్క మొత్తం గంట తప్పుతుంది.

టికెట్ ఇంకా కొనకపోతే దూరాన్ని బట్టి అంచనా వేయొచ్చు. పెద్ద విమానం గంటకి 850 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి దూరాన్ని 850తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలపండి. దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,900 కిలోమీటర్లు, అంటే దాదాపు పదహారు గంటలే వస్తుంది. దూరం మాత్రం గోడ మీద మ్యాపులో స్కేలు పెట్టి కొలవకండి. భూమి గుండ్రం కదా, గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే ఆ దారం ఐస్‌లాండ్, గ్రీన్లాండ్ వైపుగా పోయి కెనడా మీద నుంచి కిందికి దిగుతుంది, దగ్గరి దారి అదే.

కానీ ఇంట్లో పెద్దవాళ్లకి కావాల్సింది గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత అని. శ్రీకాకుళం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి కారులో రెండున్నర గంటలు, అక్కడ రెండు గంటలు ముందుండాలి, హైదరాబాద్‌కి గంటంపావు, అక్కడ నాలుగున్నర గంటల ఆగడం, దుబాయ్‌కి నాలుగు, దుబాయ్‌లో మూడున్నర, ఆ తర్వాత పదహారు, డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాన్లకి గంటన్నర. మొత్తం 35 గంటలు దాటింది, అందులో గాల్లో ఉండేది 21 చిల్లరే. వైజాగ్ టికెట్ విడిగా కొంటే హైదరాబాద్‌లో సామాన్లు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అందుకే అక్కడ ఎక్కువ టైం పెట్టాను.

అమ్మ చేతి వాచీని మన టైం మీదే ఉంచేశాం. బీపీ మాత్రలు దారిలో ఎప్పుడెప్పుడు వేసుకోవాలో డాక్టర్ని అడిగి, ఆ టైములు కాగితం మీద రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టాం. ఎంత టెన్షన్ తగ్గిందో!

తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డాలస్ నుంచి దుబాయ్‌కి గంటకి పైగా తగ్గుతుంది, కానీ తేదీ మారుతుంది. అక్కడ సోమవారం మధ్యాహ్నం ఎక్కితే దుబాయ్‌లో దిగేసరికే మంగళవారం మధ్యాహ్నం, ఇంటికి చేరేది బుధవారం. ఎయిర్‌పోర్టుకి కారు మాట్లాడేటప్పుడు ఎక్కే తేదీ కాకుండా వైజాగ్‌లో దిగే తేదీ చెప్పండి.